మూడు మిల్లీమీటర్లు ముందుకు, మళ్లీ మూడు మిల్లీమీటర్లు వెనక్కి

మా కాకకు పరకాల దగ్గర ఒకప్పుడు మైక్ సెట్టు ఉండేది. పెళ్లి, బోనాలు, ఎలక్షన్ ప్రచారం, ఏదైనా సరే, ఎడ్లబండి మీద అహూజా ఆంప్లిఫయర్, రెండు గొట్టం స్పీకర్లు, రేకు పెట్టె నిండా రికార్డులు వేసుకుని పోయేవాడు. ఆ రేకు పెట్టె నిరుడు కాజీపేటలో మా ఇంటికి వచ్చింది. అందులో ఎల్పీలు, అంటే పెద్ద రికార్డులు, ఏడో ఎనిమిదో, మిగిలినవన్నీ ఈపీలే. ఏడు అంగుళాలు, 45 ఆర్‌పీఎం (నిమిషానికి 45 చుట్లు), అటు రెండు పాటలు, ఇటు రెండు పాటలు. కుక్క బొమ్మవి, ఓడియన్, ఏంజెల్, కొలంబియా లేబుల్స్.

ఈ పోస్టు రాయడానికి కారణం ఆ ఈపీలే. కార్ట్రిజ్, అంటే ముల్లు ఉండే చిన్న డబ్బా, ఎలా బిగించాలని వెతికితే దొరికేదంతా ఎల్పీలు వినేవాళ్లకు చెప్పిన మాట. అది తప్పు కాదు, కానీ మన ఇళ్లలో పాత రికార్డుల పెట్టె తెరిస్తే ఎక్కువగా బయటపడేవి ఈపీలు. నేను ఈ తేడా తెలియక నాలుగు ఆదివారాలు పాడు చేసుకున్నాను.

మొదట సామాను సంగతి. హైదరాబాద్‌లో ఒకాయన డీజే పని మానేస్తూ అమ్మేసిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200ఎంకే2 టర్న్‌టేబుల్ కొన్నాను. 1979లో వచ్చిన మోడల్, ఇనప ముద్ద లాంటిది, ఎత్తడానికే నడుము పట్టింది. దానికి కొత్త కార్ట్రిజ్, ఆడియో టెక్నికా వీఎం95ఈ. ఈ టర్న్‌టేబుల్‌కు కంపెనీ చెప్పే లెక్క చాలా సింపుల్: హెడ్‌షెల్ (ఆర్మ్ చివర కార్ట్రిజ్ బిగించే ముక్క) వెనక ఉండే రబ్బరు వాషర్ నుంచి ముల్లు మొన దాకా 52 మి.మీ. ఉండేలా పెట్టు, కార్ట్రిజ్‌ను హెడ్‌షెల్‌కు నిటారుగా బిగించు, పని అయిపోయింది. అలాగే పెట్టాను. రెండు రోజులు కూడా సరిగ్గా వినకుండానే నెట్‌లో చదవడం మొదలుపెట్టాను, ఫ్యాక్టరీ సెట్టింగ్ పాతకాలపుది, బేర్‌వాల్డ్ అనే ఆయన లెక్క ప్రకారం పెట్టుకోవాలి అని అందరూ ఒకటే మాట. సరే అనుకున్నాను.

అసలు ఈ గొడవంతా ఎందుకంటే, రికార్డు మాస్టర్ చెక్కే మిషన్‌లో కట్టర్ బయటి అంచు నుంచి మధ్యకు గీత గీసినట్టు నేరుగా జరుగుతుంది. మన టోన్ ఆర్మ్, అంటే ముల్లును మోసే చెయ్యి, అలా జరగలేదు. తలుపు బందు చుట్టూ తిరిగినట్టు ఒక చోట నిలబడి వంపుగా తిరుగుతుంది. అంటే చెక్కిన కోణం ఒకటి, చదివే కోణం ఇంకొకటి. దీన్ని తగ్గించడానికి రెండు పనులు చేస్తారు. ముల్లు సరిగ్గా మధ్య కడ్డీ మీదికి కాకుండా దాన్ని దాటి కొంచెం ముందుకు వచ్చేలా పెడతారు, దాన్ని ఓవర్‌హ్యాంగ్ అంటారు. కార్ట్రిజ్‌ను ఆర్మ్‌కు వాలుగా లోపలి వైపు తిప్పుతారు, అది ఆఫ్‌సెట్ కోణం. ఈ రెండూ కుదిరితే రికార్డు మీద రెండు చోట్ల తప్పు పూర్తిగా సున్నా అవుతుంది, ఆ రెండు చోట్లనే నల్ పాయింట్లు అంటారు. మిగతా అంతటా ఎంతో కొంత తప్పు ఉంటుంది, అది పోదు.

కోణం తప్పితే ఏమవుతుందంటే, ముల్లు గాడిలో అటూ ఇటూ ఊగాల్సింది, ఊగేటప్పుడు కొంచెం ముందుకూ వెనక్కూ కూడా పోతుంది. ఒక పక్కకు ఊగినప్పుడు పాటను రవ్వంత ముందుగా చదువుతుంది, ఇంకో పక్కకు ఊగినప్పుడు రవ్వంత ఆలస్యంగా. అల ఒక వైపు వాలిపోతుంది. అదే డిస్టార్షన్. ఇది తప్పిన డిగ్రీల మీద మాత్రమే ఆధారపడదు, కేంద్రం నుంచి ఎంత దూరంలో తప్పింది అన్నది కూడా లెక్కే. ఎల్పీ బయటి అంచు దగ్గర ముల్లు కింద గాడి సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు నడుస్తుంది, లోపలి చివర 21 మాత్రమే. అదే పాటను సగం కన్నా తక్కువ జాగాలో కుక్కినట్టు. కాబట్టి లోపల ఒక డిగ్రీ తప్పితే బయట రెండు డిగ్రీలు తప్పిన దానికన్నా ఎక్కువ చెడగొడుతుంది.

స్వీడన్‌కు చెందిన లోఫ్‌గ్రెన్ 1938లోనే ఈ లెక్క మొత్తం వేశాడు. 1941లో బేర్‌వాల్డ్ అదే జవాబుకు వచ్చాడు, పేరు మాత్రం ఎక్కువగా బేర్‌వాల్డ్‌కే దక్కింది. రికార్డు మధ్య నుంచి కొలిస్తే పాట 146.05 మి.మీ. దగ్గర మొదలై 60.325 మి.మీ. దగ్గర ఆగుతుంది అనుకుంటే, మొదట్లో, మధ్యలో, చివర్లో వచ్చే డిస్టార్షన్ శిఖరాలు మూడూ సమానంగా ఉండాలంటే నల్ పాయింట్లు 66, 120.9 మి.మీ. దగ్గర పడాలి. ఆ 60.325 అన్న అంకెను గుర్తుపెట్టుకోండి, నా కొంప ముంచింది అదే.

ఇక బిగించడం. బేర్‌వాల్డ్ ప్రొట్రాక్టర్‌ను, అంటే ఆ రెండు నల్ పాయింట్లు, కోణం గీతలు ఉన్న కాగితాన్ని, ప్రింట్ తీయించడానికి హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక జిరాక్స్ షాపుకు పోయాను. ఇంటికి తెచ్చి దాని ప్రకారం గంటన్నర కుస్తీ పట్టి, ఎంతకీ రెండో పాయింట్ కుదరక, చివరికి అనుమానం వచ్చి స్టీల్ స్కేలు పెట్టి చూస్తే 100 మి.మీ. అని రాసున్న గీత 96 ఉంది. మళ్లీ పోయి అడిగితే ఆ పిల్లగాడు చాలా మామూలుగా "పేజీకి సరిపోలేదన్నా, ఫిట్ చేసిన" అన్నాడు. నాలుగు శాతం తగ్గితే 66 కాస్తా 63 చిల్లర అయిపోతుంది. రెండోసారి పక్కనే నిలబడి నూరు శాతం పెట్టించి, అక్కడే స్కేలుతో కొలిచి తెచ్చుకున్నాను. మీరు ప్రింట్ తీస్తే అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలవండి, కొన్ని ప్రింటర్లు ఒక వైపే సాగదీస్తాయి.

ఎస్ఎల్-1200లో ఆర్మ్ తిరిగే చోటి నుంచి మధ్య కడ్డీకి 215 మి.మీ. ఫ్యాక్టరీ ఓవర్‌హ్యాంగ్ 15 మి.మీ., కోణం 22 డిగ్రీలు. బేర్‌వాల్డ్ కావాలంటే ఓవర్‌హ్యాంగ్ 17.8, కోణం 23.7 దాకా పోవాలి. అంటే కార్ట్రిజ్‌ను స్లాట్లలో దాదాపు మూడు మి.మీ. ముందుకు తోసి, ముక్కు రవ్వంత లోపలికి తిప్పాలి. బిగించాక చూస్తే హెడ్‌షెల్‌లో వంకరగా కూర్చున్నట్టు కనిపిస్తుంది, చేతులు దాన్ని సరిచేయాలని లాగుతాయి, సరిచేయకండి. ప్రొట్రాక్టర్ గీతలతో కలవాల్సింది కార్ట్రిజ్ డబ్బా అంచు కాదు, దాని కింద వెంట్రుకలా ఉండి చివర ముల్లును మోసే కాంటిలీవర్. అది డబ్బాకు నిటారుగా ఉందని నమ్మకం ఏమీ లేదు. ఒక కన్ను మూసుకుని, టార్చి పక్క నుంచి కొట్టి, ఎదురుగా గీత వెంబడి చూడాలి. తల కొంచెం పక్కకు పోతే అంతా కుదిరినట్టే కనిపించి మోసం చేస్తుంది.

స్క్రూలు తిప్పేటప్పుడు ముల్లుకు మూత ఉంచండి. లోపల అయస్కాంతం ఉంటుంది కాబట్టి ఇనప స్క్రూడ్రైవర్ దానంతటదే అటు లాక్కుపోతుంది, ఒకసారి నాకు గుండె ఆగినంత పనైంది. కార్ట్రిజ్ ముందుకు జరిపితే ముల్లు రికార్డు మీద మోపే బరువు కూడా మారుతుంది. 2 గ్రాములు పెట్టుకుని మూడు మి.మీ. జరిపాక తూస్తే 2.05 చూపించింది, అందుకే మొదట ఉజ్జాయింపుగా బరువు పెట్టి, కోణం కుదిర్చి, మళ్లీ బరువు చూసి, మళ్లీ కోణం చూడాలి. విసుగే. ఆ చిన్న డిజిటల్ త్రాసు, బంగారం తూచే రకం, వందల్లోనే వస్తుంది. కొలిచేటప్పుడు ముల్లు రికార్డు ఉండే ఎత్తులోనే ఉండాలి, త్రాసు ఎత్తుగా ఉంటే లెక్క తప్పుతుంది. టర్న్‌టేబుల్ కింద ఒక గ్రానైట్ పలక వేశాను, కరీంనగర్ నుంచి వచ్చిన రాయే, కిచెన్ ప్లాట్‌ఫాం చేయగా మిగిలిన ముక్క. మేస్త్రీ దగ్గర రసమట్టం అడుక్కొచ్చి లెవెల్ చూశాను. మా ఇంటి వెనక గూడ్సు బండి పోతే స్పీకర్ కోన్లు ఊగేవి, పలక కింద రబ్బరు ముక్కలు పెట్టాక తగ్గింది, మొత్తం పోలేదు. కాజీపేటలో ఉంటూ రైలు వినబడొద్దంటే కుదరదు.

ఇంతా చేశాక ఎల్పీలు పెడితే అద్భుతం. ఘంటసాల గారి పాటల ఎల్పీ ఒకటి ఉంది, చివరి పాట చివరి చరణం దాకా గొంతు అదే నిండుతనంతో ఉంది. నాలో నేనే మురిసిపోయి కాకకు ఫోన్ చేశాను.

కాక వచ్చాడు. ఎల్పీ పెట్టబోతే అది కాదు, నా పెట్టెలోది పెట్టు అన్నాడు. సుశీలమ్మ పాటలున్న ఈపీ. మొదటి పాట బాగానే పోయింది. రెండో పాట సగం దాటాక "స" అన్న చోటల్లా "ష్ష్" మని బుస, "చ" వస్తే పళ్లు గీరినట్టు. కాక ఒక నిమిషం విని, "గింత పెట్టి కొన్నవ్, నా మైక్ సెట్ల గిట్ల గీరలే గదరా" అన్నాడు. నేను తడబడి రికార్డు అరిగిపోయింది కాకా అన్నాను. "అరిగితె మొదటి పాట గూడ అరగాలె గద. రెండూ ఒక్కసారే పెట్టినం."

పూర్తిగా నిజం కాదు. లోపలి గాడులు అదే ముల్లుకు తొందరగా అరుగుతాయి. పైగా పాట ఎగిరితే వాళ్లు హెడ్ మీద రూపాయి బిళ్ల పెట్టేవాళ్లమని తనే చెప్పాడు, అప్పటి సిరామిక్ కార్ట్రిజ్ బరువే ఎక్కువ, దాని మీద బిళ్ల. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఎల్పీలు కూడా ఆ పెట్టెలోవే, అదే ముల్లు కింద అరిగినవే, వాటి చివరి పాటలు ఎందుకు బాగున్నాయి?

ఆ రాత్రి స్కేలు తీసి ఈపీలు కొలిచాను. కడ్డీ మధ్య నుంచి పాట ఆగిపోయే చోటికి ఎంత దూరం అని. ఒక పక్కన రెండు పూర్తి సినిమా పాటలు పట్టాలి కదా, అందుకని గాడి లేబుల్ అంచు దాకా పోతుంది. పన్నెండు కొలిస్తే తొమ్మిదింటిలో 54, 55 మి.మీ. దగ్గర ఆగింది. బేర్‌వాల్డ్ లెక్క 60.325 దగ్గర ఆగిపోతుంది, ఆ తర్వాత ఏమవుతుందో దానికి పట్టింపు లేదు. ఆ తొమ్మిదింటిలో రెండో పాట చివరి నిమిషం సరిగ్గా ఆ పట్టింపు లేని చోట ఉంది.

లెక్క మీరూ వేసుకోవచ్చు, కష్టం కాదు. ఆర్మ్ పొడవు, అంటే ఆర్మ్ తిరిగే చోటి నుంచి ముల్లు దాకా, దాని వర్గంలోంచి 215 వర్గం తీసేయండి, దానికి గాడి దూరం వర్గం కలపండి, మొత్తాన్ని ఆర్మ్ పొడవు, గాడి దూరం, 2 ఈ మూడింటి లబ్ధంతో భాగించండి. వచ్చిన అంకెకు సైన్ విలోమం తీస్తే ఆ చోట కావాల్సిన కోణం వస్తుంది, దాంట్లోంచి మీ ఆఫ్‌సెట్ కోణం తీసేస్తే తప్పు ఎంతో తెలుస్తుంది. నేను ఫోన్ కాలిక్యులేటర్‌లోనే చేశాను. 54 మి.మీ. దగ్గర బేర్‌వాల్డ్ సెట్టింగ్ తప్పు 2 డిగ్రీలు. ఎల్పీ చివరి గాడి దగ్గర అదే సెట్టింగ్ తప్పు 0.8 కూడా లేదు. 45 ఆర్‌పీఎం కాబట్టి వేగం కొంత కలిసొస్తుంది, అది కూడా లెక్కలోకి తీసుకున్నా ఈపీ చివర డిస్టార్షన్ ఎల్పీ చివర దానికి రెట్టింపు పైనే.

మరి నేను పాతకాలపుదని పక్కన పెట్టిన ఫ్యాక్టరీ 52 మి.మీ.? దాని నల్ పాయింట్లు 58.8, 113.5 దగ్గర పడుతున్నాయి. 54 దగ్గర తప్పు 0.7 డిగ్రీలు. అంటే రెండు రోజులు కూడా వినకుండా నేను పీకేసిన సెట్టింగ్‌లో కాక ఈపీల చివర తప్పు మూడో వంతే ఉంది. చాలాసేపు నవ్వుకున్నాను, కొంచెం కోపం కూడా వచ్చింది. 1966లో స్టీవెన్సన్ అనే ఆయన రాసిన లెక్క కూడా ఇలాంటిదే, లోపలి నల్ పాయింట్‌ను సరిగ్గా పాట ఆగే 60.325 దగ్గరే పెడతాడు. ఎల్పీ వాళ్లు దాన్ని పెద్దగా పట్టించుకోరు, ఎందుకంటే చివరి పాట కోసం మిగతా రికార్డంతా ఎక్కువ తప్పు భరించాలి. ఈ ఫ్యాక్టరీ సెట్టింగ్‌లో కూడా ఎల్పీ బయటి అంచు దగ్గర తప్పు 2.6 డిగ్రీలు. కానీ ఈపీకి బయటి అంచే 84 మి.మీ. దగ్గర ఉంటుంది, అక్కడ బేర్‌వాల్డ్‌కు 1.05, ఫ్యాక్టరీకి 1.2, దాదాపు ఒకటే. ఈపీకి ఆ నష్టం అంటదు.

మళ్లీ స్క్రూలు వదులు చేసి మూడు మి.మీ. వెనక్కి జరిపాను. ఈసారి ప్రొట్రాక్టర్ కూడా అక్కర్లేదు, స్కేలు, నిటారుగా ఉందా లేదా అన్న చూపు చాలు. పావుగంట పని.

సుశీలమ్మ ఈపీ రెండో పాట మళ్లీ పెట్టాను. బుస పోయింది అని చెప్పను, తగ్గింది, "స" మళ్లీ "స"లా వినబడింది. కానీ కుడి స్పీకర్‌లో ఇంకా కొంచెం గీర మిగిలింది. కోణం తప్పైతే రెండు పక్కలా ఒకేలా ఉండాలి, ఎందుకంటే ఈ ఈపీ మోనో, గాడి రెండు గోడల్లోనూ ఒకే పాట. ఒక పక్కే గీరుతుందంటే ముల్లు ఆ గోడను సరిగ్గా ఆనడం లేదన్నమాట. ఆర్మ్‌కు తనంతట తాను లోపలికి లాక్కుపోయే గుణం ఉంటుంది, అప్పుడు లోపలి గోడ, అంటే ఎడమ చానల్, మీద ఎక్కువ ఒత్తిడి, బయటి గోడ మీద తక్కువ. ఆర్మ్‌ను బయటి వైపు లాగే యాంటీ స్కేట్ డయల్ కొంచెం పెంచితే సర్దుకుంటుంది.

మోనో రికార్డులతో ఒక మంచి ఉపాయం ఉంది. పాటను లాప్‌టాప్‌లోకి రికార్డు చేసి, ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక చానల్‌ను తలకిందులు చేసి రెండూ కలపండి. రెండు చానళ్లూ ఒకటే అయితే పాట మాయమైపోవాలి, మిగిలేది దుమ్ము, గీతలు, అరుగుదల, ముల్లు గోడను వదిలేసిన చోట్లు మాత్రమే. పాట ఇంకా పల్చగా వినిపిస్తుంటే ముందు రెండు చానళ్ల వాల్యూమ్ సమానం చేయండి, అప్పటికీ పోకపోతే హెడ్‌షెల్ పక్కకు వాలిందేమో చూడండి, ముల్లు కింద చిన్న అద్దం ముక్క పెట్టి ఎదురు నుంచి చూస్తే తెలుస్తుంది. యాంటీ స్కేట్ ఒక్కో గీత పెంచుతూ ఆ మిగిలిన చెత్త ఎక్కడ తక్కువుందో చూసుకున్నాను, నాకు 2 కన్నా కొంచెం పైన కుదిరింది. అయితే దీనితో కోణం తప్పు పట్టుకోలేరు. ఆ వంకర రెండు చానళ్లలో ఒకేలా వస్తుంది కాబట్టి పాటతో పాటు అదీ మాయమైపోతుంది. నేను ముందు ఇదే తెలియక బేర్‌వాల్డ్ సెట్టింగ్‌లో కూడా అంతా శుభ్రంగా ఉందని మోసపోయాను.

ఇప్పుడు రెండు హెడ్‌షెల్స్ పెట్టుకున్నాను. రెండింటికీ అదే మోడల్ కార్ట్రిజ్, ఎల్పీలకు బేర్‌వాల్డ్, ఈపీలకు ఫ్యాక్టరీ. ఈపీ దాని మీద మా ఆవిడ గోళ్ల రంగుతో ఎర్ర చుక్క పెట్టాను. మార్చినప్పుడల్లా బరువు ఒకసారి తూచుకుంటాను. ఒకే హెడ్‌షెల్ ఉండి, పెట్టెలో ముప్పాతిక ఈపీలే ఉంటే 52 దగ్గరే వదిలేయండి, నెట్‌లో ఎవరేమన్నా సరే. ఇంకో కంపెనీ ఆర్మ్ అయితే 52 పనికిరాదు, మీ దూరాలు మీరు కొలుచుకుని పై లెక్క వేసుకోవాల్సిందే.

పోయిన ఆదివారం కాక మళ్లీ వచ్చాడు. పదమూడు ఈపీలు వరుసగా విన్నాం. పదకొండు బాగున్నాయి. పన్నెండోది మధ్యలో ఎగిరింది, కాక చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది, నేను "కాకా, బిళ్ల వద్దు" అని అరిచాను. పదమూడోది ఎలా పెట్టినా, ఎంత లెక్క వేసినా గీరుతూనే ఉంది. అది ఎవరి పెళ్లిలో ఎన్నిసార్లు వేశాడో కాకకు గుర్తుంది, ఆ కథ గంట చెప్పాడు.